శాస్త్రజ్ఞుల నోట లోకం పెట్టిన మాటలు

ఒక ఊళ్ళో ఒకడికి ఒంట్లో బాగుండక నల్లగా వాంతి అయినదట. చూసినవాడు పక్కింటికి వెళ్ళి “కాకి నలుపున కక్కుకున్నాడు” అని చెప్పాడు. పక్కింటివాడు వీధి చివరకు వెళ్ళి “కాకిని కక్కుకున్నాడు” అన్నాడు. ఊరి పొలిమేర చేరేసరికి అతని నోటినుండి కాకులు గుంపులు గుంపులుగా ఎగిరిపోయినవని వార్త అయినది. తెలుగునాట పెద్దలు పిల్లలకు నవ్వుతూ చెప్పే కథ ఇది. అయితే చరిత్ర చదివేవారికి ఇందులో ఒక పాఠం ఉన్నది. మాట ఒక నోటినుండి మరొక నోటికి పోయేటప్పుడు దానిలో కొంత రాలిపోతుంది. లేనిది కొంత వచ్చి చేరుతుంది. ఒక్కొక్కసారి ఆ మాట అన్నవాని పేరే మారిపోతుంది.

విజ్ఞానశాస్త్ర చరిత్రకూ ఈ బెడద తప్పలేదు. పాఠశాలల గోడలమీద, ఉపన్యాసాలలో, పాఠ్యపుస్తకాల అంచులలో కనిపించే శాస్త్రజ్ఞుల సూక్తులలో కొన్ని వారు అన్నవి కావు. కొన్ని వారన్నవే అయినా, అన్న రూపంలో లేవు. మరికొన్ని అక్షరం పొల్లుపోకుండా మిగిలినా, అర్థం తలక్రిందులైనది. అందుచేత కలిగే నష్టం ఎక్కడ స్వల్పమో, ఎక్కడ ఘోరమో తెలియాలంటే వాటి పుట్టుపూర్వోత్తరాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

స్నానాల తొట్టిలో పుట్టిన కేక

“యురేకా” అనే గ్రీకు మాటకు “కనుగొన్నాను” అని అర్థం. సిరక్యూస్ రాజు హీరాన్ తన బంగారు కిరీటంలో కంసాలి వెండి కలిపాడేమోనని శంకించాడు. కిరీటాన్ని చెడగొట్టకుండా సంగతి తేల్చమని ఆర్కిమిడీస్‌ను ఆజ్ఞాపించాడు. స్నానానికి తొట్టిలో దిగిన ఆర్కిమిడీస్, నీరు పొర్లిపోవడం చూసి ఉపాయం తట్టి, ఒంటిమీద బట్ట లేకుండానే ఈ కేక వేస్తూ ఇంటికి పరుగెత్తాడని కథ.

ఆర్కిమిడీస్ క్రీ. పూ. 212లో మరణించాడు. ఈ కథను వ్రాసినవాడు విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి. అతడు వాస్తుశాస్త్రంమీద పది భాగాల గ్రంథం వ్రాస్తూ, తొమ్మిదవ భాగం పీఠికలో దీనిని చెప్పాడు. అప్పటికి ఆర్కిమిడీస్ చనిపోయి సుమారు రెండు వందల సంవత్సరాలైనది. తేలే వస్తువులను గురించి ఆర్కిమిడీస్ స్వయంగా వ్రాసిన గ్రంథం మిగిలి ఉన్నది. దానిలో స్నానాల తొట్టి లేదు, కిరీటం లేదు, కేక లేదు. ద్రవంలో మునిగిన వస్తువు తాను తొలగించిన ద్రవం బరువెంతో అంత బరువు కోల్పోయినట్లు తూగుతుందన్న నియమం మాత్రం ఉన్నది.

ఇక్కడ లెక్క వేసి చూడవలసిన విషయం ఒకటి ఉన్నది. పొర్లిన నీటిని కొలిచి ఆర్కిమిడీస్ మోసాన్ని పట్టుకున్నాడని విట్రూవియస్ చెప్పాడు. కిరీటం బరువు 1 కిలోగ్రామనుకుందాం. బంగారం సాంద్రత 19.3, వెండి సాంద్రత 10.5. కిరీటం శుద్ధమైన బంగారమైతే దాని ఘనపరిమాణం సుమారు 52 ఘన సెంటీమీటర్లు. నూటికి 30 వంతులు వెండి కలిపినదైతే సుమారు 65 ఘన సెంటీమీటర్లు. రెంటికీ భేదం 13 మాత్రమే. 20 సెంటీమీటర్ల వ్యాసం గల పాత్రలో ఈ భేదంవల్ల నీటిమట్టం పెరిగేది అర మిల్లీమీటరు కూడా లేదు. నీటి తలతన్యత వల్ల అంచువద్ద ఏర్పడే ఉబ్బే ఇంతకంటె ఎక్కువ. ఆనాటి సాధనాలతో ఈ స్వల్పభేదాన్ని నమ్మకంగా కొలవడం దుస్సాధ్యం.

ఈ లోపాన్ని గెలీలియో 1586లో, తన 22వ ఏట, చిన్న త్రాసును గురించి వ్రాసిన వ్యాసంలో ఎత్తిచూపాడు. అంతటి గణితవేత్త ఇంత మోటు పద్ధతిని వాడి ఉండడనీ, త్రాసునే ఉపయోగించి ఉంటాడనీ ఆయన ఊహ. కిరీటాన్ని ఒక ప్రక్కన, అంతే బరువుగల మేలిమి బంగారాన్ని రెండవ ప్రక్కన వ్రేలాడగట్టి, రెంటినీ నీటిలో ముంచితే, కల్తీ కిరీటం 13 గ్రాముల మేర తేలికై పైకి లేస్తుంది. 13 గ్రాముల భేదాన్ని కిరాణా దుకాణంలోని త్రాసు సైతం చూపగలదు. ఆర్కిమిడీస్ స్వంత గ్రంథంలోని నియమానికి అతికినట్లు సరిపోయే పద్ధతి ఇదే. కేకకు దొరికిన కీర్తి నియమానికి దొరకలేదు. విద్యార్థి జ్ఞాపకంలో తొట్టి నిలిచిపోయి, త్రాసు జారిపోయినది.

గెలీలియో కోర్టులో అనని మాట

“అయినా అది తిరుగుతూనే ఉన్నది.” భూమి తిరుగుతున్నదన్న సిద్ధాంతాన్ని విడిచిపెడుతున్నానని మోకాళ్ళమీద ప్రమాణం చేసిన గెలీలియో, లేచి నిలబడుతూ నేలను కాలితో తన్ని ఈ మాట గొణిగాడని లోకంలో ప్రతీతి.

ఆ విచారణ 1633 జూన్ 22న రోమ్ నగరంలో ముగిసినది. అప్పటికి గెలీలియోకు 69 ఏళ్ళు. ముందు సంవత్సరం ప్రకటించిన సంవాదగ్రంథంలో కోపర్నికస్ మతాన్ని సమర్థించాడన్నది అభియోగం. పదిమంది కార్డినళ్ళు విచారణ సభ్యులు కాగా, తీర్పుమీద ఏడుగురే సంతకం చేశారు. విచారణ పత్రాలు నేటికీ ఉన్నవి. వాటిలో ఈ మాట లేదు. ఉండడానికి వీలూ లేదు. శపథం చేసి, ఆ క్షణంలోనే దానిని కాదన్నవానికి పట్టే గతి ఏమిటో ఆ సభలో అందరికీ తెలుసు.

ఈ మాట మొట్టమొదట అచ్చులో కనిపించేది 1757లో, అంటే 124 సంవత్సరాల తరువాత. బారెట్టి అనే ఇటలీవాడు లండన్‌లో ఉంటూ, ఇంగ్లీషు పాఠకులకు తన దేశపు గ్రంథాలను పరిచయం చేస్తూ వ్రాసిన పుస్తకంలో దీనిని చేర్చాడు. అతడు సైతం దీనిని న్యాయస్థానంలో అన్నట్లు చెప్పలేదు. విడుదల కాగానే ఆకాశంవైపు, నేలవైపు చూసి, కాలితో నేలను తట్టి అన్నాడని మాత్రమే వ్రాశాడు. తరువాతివారు ఆ మాటను బయటినుండి లోపలికి తెచ్చి కార్డినళ్ళ ఎదుటనే పలికించారు.

కథ అందంగానే ఉన్నది. కాని దానివల్ల ఒక నిజం మరుగునపడుతున్నది. గెలీలియో నిజమైన సమాధానం గొణుగుడు కాదు. ఆయన ఫ్లారెన్స్ దగ్గర ఆర్చెట్రిలో గృహనిర్బంధంలో ఉండి, చూపు మందగిస్తూ ఉండగా, పడే వస్తువుల గమనాన్ని గురించీ పదార్థాల దారుఢ్యాన్ని గురించీ తన జీవితకాల పరిశోధనను గ్రంథంగా కూర్చాడు. దానిని ఇటలీలో అచ్చువేయడానికి వీలు లేకపోగా, హాలెండులోని లైడెన్ నగరంలో 1638లో అచ్చయినది. రెండు నూతన శాస్త్రాలను గురించిన ఆ గ్రంథంలో భూభ్రమణం ప్రసక్తి పెట్టలేదు. కాని భూమి తిరుగుతుంటే వస్తువులు ఎగిరిపోవేమి అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల గతిశాస్త్రానికి అదే పునాది అయినది. 1642లో ఆయన ఆ ఇంటనే మరణించాడు. ఒక్క ధిక్కారవాక్యం పలికిన వీరునికంటె, నోరు నొక్కిన తరువాత ఏళ్ళ తరబడి పనిచేసిన వృద్ధుడు విద్యార్థికి మంచి ఆదర్శం. భూభ్రమణాన్ని కంటికి కట్టినట్లు చూపే లోలకాన్ని ఫూకో 1851లో పారిస్‌లో వ్రేలాడగట్టాడు.

మరుగుజ్జులు మాయమైన సూక్తి

న్యూటన్ వినయానికి ఉదాహరణగా ఒక వాక్యం చెబుతారు. తాను ఇతరులకంటె దూరం చూడగలిగి ఉంటే, అది మహాకాయుల భుజాలమీద నిలబడడం వల్లనే అన్నది దాని సారాంశం. ఈ మాట న్యూటన్ వ్రాసినదే. రాబర్ట్ హుక్‌కు 1676 ఫిబ్రవరిలో వ్రాసిన ఉత్తరంలో ఉన్నది. కాంతిని గురించి వారిరువురికీ వాదప్రతివాదాలు నడుస్తున్న కాలం అది. ఆ ఉత్తరంలోని ధోరణి మాత్రం మర్యాదగానే ఉన్నది.

అయితే ఈ ఉపమానం న్యూటన్ సృష్టించినది కాదు. జాన్ ఆఫ్ సాలిస్‌బరీ 1159లో పూర్తిచేసిన గ్రంథంలో, దీనిని ఫ్రాన్సులోని షార్ట్ర్ నగరపు గురువు బెర్నార్డ్ చెబుతుండేవాడని వ్రాశాడు. అంటే న్యూటన్‌కు ఐదు వందల ఏళ్ళకు పైగా పాతది. న్యూటన్ కాలానికి అది చదువుకున్నవారి నోళ్ళలో నలిగిన సామెత.

ప్రయాణంలో ఇది పోగొట్టుకున్నది కూడా ఉన్నది. బెర్నార్డ్ చెప్పిన ఉపమానంలో మహాకాయుల భుజాలమీద కూర్చున్నవారు మరుగుజ్జులు. వారు ఎక్కువ దూరం చూడడం చూపు వాడిమివల్ల కాదు, ఎత్తువల్ల కాదు, పూర్వులు మోస్తున్నందువల్ల. ఆనాటి పండితులు ప్రాచీనులతో తమను పోల్చుకున్న తీరు అది. క్రమంగా మరుగుజ్జు జారిపోయి మహాకాయుడు మిగిలాడు. 1998లో చెలామణిలోకి వచ్చిన బ్రిటన్ రెండు పౌన్ల నాణెం అంచుమీద కూడా మహాకాయుల భుజాలే చెక్కి ఉన్నవి. న్యూటన్ తలమీద ఆపిల్ పడినదన్న కథదీ ఇదే దారి. తోటలో పండు పడడం చూసి ఆలోచన కలిగినట్లు న్యూటన్ తన ముసలితనంలో, 1726లో, స్ట్యూక్‌లీ అనే మిత్రునితో చెప్పాడు. తలను మధ్యలోకి తెచ్చినది లోకమే.

బలవంతునిదే బ్రతుకా?

ఇంతవరకు చెప్పిన పొరపాట్లు ఎవరి ప్రాణాలూ తీయలేదు. డార్విన్ పేరుతో చెలామణి అయిన మాట అటువంటిది కాదు.

“యోగ్యతముల సార్థక జీవనం” అని తెలుగు పాఠ్యగ్రంథాలలో కనిపించే పదబంధానికి మూలమైన ఇంగ్లీషు మాటను కల్పించినవాడు డార్విన్ కాదు, హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త. డార్విన్ గ్రంథం 1859లో వెలువడినది. దానిని చదివిన స్పెన్సర్ 1864లో తన జీవశాస్త్ర గ్రంథంలో ఈ మాట వాడాడు. డార్విన్ పెట్టిన పేరు “ప్రకృతి వరణం”. వరణమంటే ఎన్నుకోవడం కాబట్టి, ప్రకృతి అనే ఎవరో కూర్చుని ఎన్నుకుంటున్నట్లు చదువరులు భ్రమపడుతున్నారని వాలెస్ అభిప్రాయపడ్డాడు. స్పెన్సర్ మాట వాడితే ఆ భ్రమ పోతుందని ఆయన 1866 జూలైలో డార్విన్‌కు వ్రాశాడు. డార్విన్ సమ్మతించి, 1869లో వెలువడిన ఐదవ కూర్పులో, నాలుగవ ప్రకరణం శీర్షికలో తన మాటకు ప్రక్కన దీనినీ చేర్చాడు. ఒక భ్రమను పోగొట్టడానికి తెచ్చిన మాట మరొక పెద్ద భ్రమకు దారితీసినది.

ఆ ఇంగ్లీషు మాటలో యోగ్యత అంటే బలం కాదు. ఉన్న పరిస్థితులకు ఇమిడి ఉండడం, సంతానాన్ని మిగల్చగలగడం. ఇందుకు డార్విన్ తన గ్రంథంలో చూపిన ఉదాహరణ ఒకటి చాలును. అట్లాంటిక్ సముద్రంలోని మదీరా దీవులలో అప్పటికి తెలిసిన పెంకుపురుగులు 550 జాతులు. వాటిలో 200 జాతులకు ఎగరగలిగే రెక్కలు లేవు. గాలి తీవ్రంగా వీచే ఆ చిన్న దీవులలో బాగా ఎగిరే పురుగు సముద్రంలో కొట్టుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఎగరలేనిది నేలనంటిపెట్టుకుని బ్రతుకుతుంది. అక్కడ రెక్కలేని పురుగే యోగ్యమైనది. అదే పురుగును మరొకచోట విడిస్తే అయోగ్యం కావచ్చును. చోటు మారితే యోగ్యత మారుతుంది.

లోకం ఈ షరతును విడిచిపెట్టినది. “బలవంతునిదే బ్రతుకు” అని మాటను కుదించి, దానికి శాస్త్రం ముద్ర వేసినది. పేదలకు సాయపడడం ప్రకృతి విరుద్ధమని కొందరు వాదించారు. జాతుల మధ్య ఎక్కువ తక్కువలు ఉన్నవని మరికొందరు వాదించారు. గాల్టన్ 1883లో పేరుపెట్టిన సుజననశాస్త్రం ఈ వాతావరణంలోనే బలపడినది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లో, “అయోగ్యులు” అనుకున్నవారికి బలవంతంగా సంతానం కలగకుండా చేసే శాసనం చేసినది. జర్మనీలో నాజీ ప్రభుత్వం 1933లో చేసిన ఇటువంటి శాసనం క్రింద సుమారు 4 లక్షలమందికి శస్త్రచికిత్సలు జరిగినవి. ఇన్ని ఘోరాలకు ఒక్క సూక్తియే కారణమనడం సబబు కాదు. కాని వక్రించిన సూక్తి వాటికి చేతికర్ర అయినది.

డార్విన్ స్వయంగా 1871లో ప్రకటించిన మానవావతరణ గ్రంథంలో, నిస్సహాయులను ఆదుకోవాలనే సానుభూతి మానవ స్వభావంలో అత్యుత్తమ భాగమనీ, దానిని అణచుకుంటే ఆ ఉత్తమ భాగమే క్షీణిస్తుందనీ అభిప్రాయపడ్డాడు. ఆ అభిప్రాయం గోడలకెక్కలేదు.

డార్విన్‌ను మంచివానిగా చూపబోయి చేసిన తప్పు కూడా ఉన్నది. బ్రతికేది మిక్కిలి బలమైన జాతి కాదు, తెలివైనది కాదు, మార్పుకు తగినట్లు మారేదే అన్న వాక్యం నేడు ఆయన పేరుతో విరివిగా తిరుగుతున్నది. అది ఆయన రచనలలో లేదు. అమెరికాలో వ్యాపార నిర్వహణశాస్త్రం బోధించిన మెగిన్‌సన్ అనే ఆచార్యుడు 1963లో డార్విన్ భావాన్ని తన మాటలలో చెప్పగా, క్రమంగా అది డార్విన్ వాక్యమే అయి కూర్చున్నది. కాలిఫోర్నియాలోని ఒక ప్రఖ్యాత విజ్ఞాన సంస్థ దానిని డార్విన్ పేరుతో నేలరాతిలో చెక్కించి, తరువాత తప్పు తెలిసి ఆ పేరును తొలగించవలసి వచ్చినది.

పాచికల మాట

“దేవుడు పాచికలాడడు” అన్న ఐన్‌స్టీన్ మాటను కొందరు భక్తికి, కొందరు విధివాదానికి సాక్ష్యంగా చూపుతారు. 1926 డిసెంబర్ 4న మాక్స్ బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞునికి వ్రాసిన ఉత్తరంలో దీని మూలం ఉన్నది. క్వాంటం యాంత్రికశాస్త్రం ఎంతో చెబుతున్నదే గాని, ఆ “పెద్దాయన” రహస్యానికి మనలను దగ్గర చేయడం లేదనీ, ఆయన మాత్రం పాచికలాడడని తన నమ్మకమనీ అక్కడ వ్రాశాడు. ప్రకృతిని చమత్కారంగా పెద్దాయన అనడం ఐన్‌స్టీన్ అలవాటు. అక్కడి వివాదం దేవుని గురించి కాదు. అణువులలో జరిగే సంఘటనలకు సంభావ్యతను మించిన కారణం ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న.

ఈ మాట చెప్పేవారు దాని తరువాతి కథను చెప్పరు. 1964లో జాన్ బెల్ ఈ ప్రశ్నను ప్రయోగానికి లొంగే రూపంలో పెట్టాడు. తరువాత జరిగిన ప్రయోగాలు ఐన్‌స్టీన్ ఆశించిన తీరుకు అనుకూలించలేదు. ఆ ప్రయోగాలు చేసిన క్లౌజర్, ఆస్పె, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమానం లభించినది. అంటే ఈ సూక్తి ఒక మహాశాస్త్రజ్ఞుని సందేహం మాత్రమే గాని, సిద్ధాంతం కాదు. చేసినదే మళ్ళీ మళ్ళీ చేస్తూ వేరే ఫలితం ఆశించడమే పిచ్చితనమన్న మరొక మాట కూడా ఐన్‌స్టీన్ పేరుతో వినిపిస్తుంది. ఆయన 1955లో మరణించాడు. ఆ మాట 1980 ప్రాంతాలలో మత్తుపదార్థాల వ్యసనాన్ని మాన్పడానికి వెలువడిన కరపత్రాలలో కనిపిస్తుంది. పేరున్నవాని ఖాతాలో ఊరి జమలన్నీ పడుతూ ఉంటవి.

యంత్రం విన్నా తప్పని తప్పు

మాటను యంత్రంతో పట్టి ఉంచితే ఈ బాధ ఉండదనుకోవచ్చును. చంద్రయానాలు ఆ ఆశను వమ్ము చేసినవి.

మన గడియారం ప్రకారం 1969 జూలై 21 ఉదయం నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిమీద కాలుపెడుతూ, ఇది మనిషికి చిన్న అడుగు, మానవజాతికి పెద్ద గంతు అన్న అర్థం వచ్చే వాక్యం పలికాడు. కోట్లమంది విన్నారు. ఇంగ్లీషులో “ఒక మనిషికి” అనడానికి ముందు “ఎ” అనే చిన్న అక్షరం ఉండాలి. అది లేకపోతే మనిషి అన్నా మానవజాతి అన్నా ఒకటే అయి వాక్యం అర్థం చెడుతుంది. తాను ఆ అక్షరం పలకదలచుకున్నానని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పాడు. రికార్డులో అది స్పష్టంగా వినిపించదు. ఆ వివాదం ఇంకా తెగలేదు.

మరుసటి సంవత్సరం అపోలో 13 వ్యోమనౌకలో ఒక ఆక్సిజన్ తొట్టి ప్రేలినది. అమెరికా కాలమానం ప్రకారం అది 1970 ఏప్రిల్ 13 రాత్రి. నౌక భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. “హూస్టన్, మాకొక సమస్య వచ్చినది” అని మొదట చెప్పినవాడు జాక్ స్వైగర్ట్. క్రిందివారు మళ్ళీ చెప్పమనగా నాయకుడు జిమ్ లవెల్ అదే మాట చెప్పాడు. జరిగినదానిని నివేదించే భూతకాలం అది. 1995 నాటి చలనచిత్రంలో దానిని “సమస్య ఉన్నది” అని వర్తమానంలోకి మార్చి, లవెల్ పాత్ర నోటనే పెట్టారు. నేడు లోకమంతా వాడేది చలనచిత్రపు మాటనే. స్వైగర్ట్ పేరు చాలామందికి తెలియదు.

ఏమి చేయాలి?

సూక్తులను గోడలమీదనుండి చెరిపివేయనక్కరలేదు. వాటిని పరీక్షించడమే ఒక పాఠం చేసుకోవచ్చును. ప్రతి సూక్తికీ నాలుగు ప్రశ్నలు వేయాలి. ఈ మాట మొదట ఎక్కడ వ్రాసి ఉన్నది? అన్ననాటికీ వ్రాసిననాటికీ మధ్య ఎన్ని ఏళ్ళున్నవి? ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? చుట్టూ ఉన్న వాక్యాలను కలిపి చదివితే అర్థం నిలుస్తుందా? గెలీలియో మాట రెండవ ప్రశ్నవద్ద ఆగిపోతుంది. ఐన్‌స్టీన్ మాట మూడవ ప్రశ్నతో తన అసలు అర్థాన్ని పొందుతుంది. డార్విన్ పేరుతో వచ్చే మాటలు మొదటి ప్రశ్నకే తడబడతవి.

పై తరగతుల విద్యార్థులు ఆర్కిమిడీస్ కథను చేతులతోనే పరీక్షించవచ్చును. బంగారం అక్కరలేదు. ఒకే బరువుగల ఇనుపముక్క, అల్యూమినియం ముక్క, ఒక త్రాసు, రెండు నీటిపాత్రలు చాలును. మొదట పొర్లిన నీటిని కొలిచి, తరువాత త్రాసుకు కట్టి నీటిలో ముంచి, రెంటిలో ఏది భేదాన్ని తేటగా చూపుతున్నదో వారే తేల్చుకోగలరు.

ఎవరు చెప్పారన్నదానికంటె ఏ ఆధారంతో చెప్పారన్నదే విజ్ఞానశాస్త్రానికి ముఖ్యం. శాస్త్రజ్ఞుని మాటను సైతం ఈ కొలతతోనే కొలవాలి. కాకులను కక్కినవాని ఇంటికి ఊరిలో ఒక్కడైనా వెళ్ళి చూసి ఉంటే, ఆ కథ మొదటి వీధిలోనే ఆగిపోయి ఉండేది.